‘అలవాటైపోతుంది’ అంటున్నారు, కావడం లేదు

రెండేళ్లుగా సైకిల్ మీద ఆఫీసుకి వెళ్లివస్తున్న 41 ఏళ్ల పాఠకురాలు ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఇంటికీ ఆఫీసుకీ మధ్య దూరం 11 కిలోమీటర్లు. సైకిల్, హ్యాండిల్ తిన్నగా ఉండే హైబ్రిడ్ రకం. దాంతోపాటు వచ్చిన వెడల్పాటి మెత్తటి సీటు చిరిగిపోతే, ఆదివారాలు కలిసి తొక్కే బృందంలో ఒకాయన మాట విని సన్నటి గట్టి సీటు వేయించుకున్నారు. ఐదు వారాలైంది. అప్పటి నుంచి పొద్దున్నే సైకిల్ తీయాలంటేనే టెన్షన్ అంటున్నారు.

ఆవిడ బాధలు నాలుగు. ఎక్కిన పావుగంటకే పిరుదుల కింద రెండు చోట్ల, వేలు పెట్టి చూపించగలిగేంత కచ్చితంగా నొప్పి. నలభై నిమిషాలు దాటితే ముందు భాగంలో, జననాంగాల దగ్గర తిమ్మిరి. దిగాక కూడా గంటసేపు స్పర్శ సరిగా తెలియదట. అరచేతుల్లో చిమచిమలు, మణికట్టు నొప్పి. ఇవి చాలవన్నట్టు కుడి తొడ మొదట్లో సీటు అంచు ఒరుసుకుని చిన్న కురుపు.

ఊరికే కూర్చోలేదు ఆవిడ. ముందుకి జారిపోతున్నట్టుంటే సీటు ముక్కు, అంటే ముందుకి సన్నగా పొడుచుకొచ్చే కొస, పైకి లేపారు. కాలు పూర్తిగా చాచేలా ఉండాలని ఎవరో అంటే సీటుని రెండు వేళ్ల మందం ఎత్తారు. పైన జెల్ కవర్ తొడిగారు. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ కొని, రోజూ వేసుకునే లోదుస్తుల మీదే వేసుకుంటున్నారు. ఏదీ పనిచేయలేదు.

“బృందంలో అడిగితే అందరిదీ ఒకటే మాట, ‘మేమూ పడ్డాం, అలవాటైపోతుంది’ అని. అందరూ మగవాళ్లే. నొప్పి అన్నాను గానీ ఎక్కడో చెప్పలేకపోయాను. మావారికీ సగమే చెప్పాను. ఆయన పాత రకం సీటే వేయించుకోమంటారు. మూడు వారాల్లో 80 కిలోమీటర్ల రైడ్ ఉంది, పేరిచ్చేశాను. ఇంకా ఎన్నాళ్లు ఓర్చుకోవాలి? సీటు పారేయాలా? లేక ఈ వయసులో నా ఒళ్లే సైకిల్‌కి పనికిరాదా?” అని అడిగారు. సీటు అడుగున 132 అని ఒక అంకె ఉందట, అదేమిటో చెప్పమన్నారు.

ముందు మీ చివరి ప్రశ్న సంగతి చూద్దాం. మీ ఒంటికేమీ కాలేదండీ. రెండేళ్లు రోజుకి 22 కిలోమీటర్లు తొక్కిన ఒళ్లది. ఐదు వారాల కిందట మారింది సీటు, మీరు కాదు.

మీరు నాలుగు బాధల్నీ ఒకే మూట కట్టి దానికి ‘నొప్పి’ అని పేరు పెట్టారు. బృందంలో వాళ్లు ఆ మూట మొత్తానికి ‘అలవాటైపోతుంది’ అని జవాబిచ్చారు. మూట విప్పి చూస్తే అందులో అలవాటయ్యేది ఒక్కటే కనిపిస్తోంది నాకు.

అది ఆ రెండు చుక్కల నొప్పి. గట్టి బల్ల మీద కూర్చుని అరచేతులు పిరుదుల కింద పెట్టి చూడండి, రెండు వైపులా గుండ్రటి ఎముక కొనలు తగులుతాయి. కూర్చున్నప్పుడు మన బరువు మోయాల్సినవి అవే. పాత మెత్తటి సీటులో బరువు అటూ ఇటూ పంచుకుపోయేది, గట్టి సీటు మీద అదంతా ఆ రెండు చోట్లకే చేరింది. వాటి మీది కండకీ చర్మానికీ ఇది కొత్త పని, కాబట్టి మొదట్లో నొప్పి రావడం సహజం. రోజు విడిచి రోజు కొద్దికొద్దిగా తొక్కితే చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. మీరు చూసుకోవాల్సింది ఒకటే, ఆ నొప్పి వారం వారం తగ్గుతోందా అని. తగ్గుతుంటే అది అలవాటు పడటం. ఐదో వారంలో కూడా మొదటి రోజంత ఉంటే మాత్రం ఎముకలు సీటు మీద సరైన చోట ఆనడం లేదని అర్థం.

తిమ్మిరి సంగతి వేరు. దానికి అలవాటు పడకూడదు. పడితే అదే ప్రమాదం. జననాంగాలకి స్పర్శనిచ్చే పుడెండల్ నరం, దాంతోపాటు వెళ్లే రక్తనాళాలు ఆ కూర్చునే ఎముకల లోపలి అంచు పక్క నుంచే ముందుకి వెళతాయి. బరువు ఎముకల మీద కాకుండా మధ్యలోని మెత్తటి భాగం మీద పడితే అవి నలుగుతాయి. కాలు మీద కాలేసుకుని చాలాసేపు కూర్చుంటే పాదం మొద్దుబారడం మనకి తెలిసిందే, ఇదీ అలాంటిదే. తేడా ఏమిటంటే పాదం మొద్దుబారితే కాలు తీసేస్తాం, సైకిల్ మీద ‘ఇంకో ఐదు కిలోమీటర్లేగా’ అనుకుంటూ పోతాం.

మగవాళ్లకి ఇది రాదనుకోకండి. పని చేసే చోట ఆరోగ్య సమస్యల్ని పరిశీలించే అమెరికా ప్రభుత్వ సంస్థ నయాష్, సైకిల్ మీద గస్తీ తిరిగే పోలీసులకి ముక్కు లేని సీట్లు ఇచ్చి ఆరు నెలలు గమనించింది. 2008లో వచ్చిన ఆ ఫలితాల్లో వాళ్లకి తిమ్మిరి బాగా తగ్గింది, స్పర్శ మెరుగైంది. ఆ పరీక్షలో ఉన్నది మగవాళ్లే. కానీ ముందు భాగం మీద బరువు తగ్గితే నరానికి ఊరట అన్న సూత్రానికి ఆడా మగా తేడా లేదు. మీ బృందంలోనూ ఒకరిద్దరికి ఈ తిమ్మిరి వచ్చే ఉంటుంది. మీరు వాళ్లకి చెప్పనట్టే వాళ్లూ మీకు చెప్పలేదంతే. పైగా అలవాటు కాక సైకిల్ మానేసినవాళ్లు బృందంలో ఉండరు కదా, వాళ్ల అనుభవం మీకు వినపడే దారేదీ?

కాబట్టి ‘ఎన్నాళ్లు ఓర్చుకోవాలి’ అన్న మాటకి తిమ్మిరి విషయంలో జవాబు, ఒక్క రోజు కూడా వద్దు. రాగానే దిగండి, లేదా పెడల్స్ మీద లేచి నిలబడండి. సీటు సరిచేసే దాకా నలభై నిమిషాల రైడ్‌లు ఆపండి. దిగాక మర్నాటికీ స్పర్శ రాకపోయినా, ఒకవైపు వాపో గడ్డో కనిపించినా, మూత్రానికి ఇబ్బంది అనిపించినా గైనకాలజిస్ట్‌కి చూపించండి. సైకిల్ తొక్కుతానని, సీటు మారిందని ముందే చెప్పండి. ఆ ఒక్క ముక్క చెప్పకపోతే వాళ్లు కారణం కోసం ఎక్కడెక్కడో వెతకాల్సి వస్తుంది.

ఇక చేతులు, కురుపు. ఈ రెండూ సీటు తెచ్చినవి కావు, మీరు చేసిన మార్పులు తెచ్చినవని నా అనుమానం. తప్పు పట్టడం లేదు. ఎవరైనా చేసేది అదే, ఒక చోట నొప్పి పుడితే ఒక బోల్టు తిప్పడం. మీ ఉత్తరం మళ్లీ ఒకసారి మీరే చదువుకుంటే జరిగింది తెలుస్తుంది. సీటు ఎత్తారు, హ్యాండిల్ ఎప్పటి చోటే ఉంది. అంటే మునుపటికన్నా ముందుకి వంగాల్సి వచ్చింది, పైశరీరం బరువు అరచేతుల మీదికి వెళ్లింది. వంగితే నడుము కింది భాగం ముందుకి ఒరుగుతుంది, మెత్తటి భాగం సీటుకి ఆనుతుంది. సరిగ్గా అక్కడే మీరు ముక్కు పైకి లేపి పెట్టారు. తిమ్మిరి రాక ఏమవుతుంది?

కురుపు కూడా ఆ ఎత్తు చలవే అయి ఉండొచ్చు. సీటు మరీ ఎత్తయితే పెడల్ అడుగుకి వెళ్లిన ప్రతిసారీ కాలు అందక నడుము ఆ పక్కకి వాలుతుంది. నిమిషానికి డెబ్భై సార్లు పెడల్ తిప్పితే డెబ్భై సార్లు అటూ, డెబ్భై సార్లు ఇటూ. తొడ సీటు అంచుకి రాసుకుంటూనే ఉంటుంది. ఎవరినైనా మీ వెనకే తొక్కుతూ నడుము చూడమనండి, ఊగుతుంటే తెలిసిపోతుంది. కురుపు కుడివైపే ఎందుకొచ్చిందంటే, సీటు ముక్కు ఒక పక్కకి తిరిగి ఉండొచ్చు, షార్ట్స్ కుట్టు అక్కడ పడుతుండొచ్చు, కాళ్ల పొడవులో కాస్త తేడా ఉండొచ్చు. సైకిల్ వెనక నిలబడి సీటు ముక్కు, సైకిల్ పై గొట్టం ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడండి. అర నిమిషం పని, చాలామంది చూడరు.

ఈ ఎత్తు తకరారు నాకూ జరిగింది. ఒక వేసవంతా మోకాలి ముందు నొప్పి, సీటు బాగోలేదని రెండు సీట్లు మార్చాను. చివరికి తేలిందేమిటంటే, బోల్టు సరిగా బిగియక సీటు రాడ్ రోజుకింత చొప్పున లోపలికి దిగిపోతోంది. రెండు సెంటీమీటర్లు దిగినా నాకు తెలియలేదు. అప్పటి నుంచి రాడ్ చుట్టూ ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేస్తాను, అది గొట్టం అంచుని తాకుతూ ఉంటే ఎత్తు మారనట్టు. మీరు ఏ బోల్టు ముట్టుకునే ముందైనా ఈ పని చేయండి. ఇప్పుడున్న ఎత్తు, ముక్కు వాలు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. దారి తప్పితే వెనక్కి రావడానికి గుర్తులుండాలి.

ఇప్పుడు సరిచేయడం. ఒకసారికి ఒక్కటే మార్చండి, కనీసం రెండు రైడ్‌లు చూశాకే రెండోది. ఇది విసుగు పుట్టించే సలహా అని తెలుసు. కానీ మూడు ఒకేసారి మారిస్తే బాగుపడినా ఏది బాగుచేసిందో తెలియదు, పాడైనా అంతే.

అన్నిటికన్నా ముందు జెల్ కవర్ తీసేయండి. అది మెత్తగా ఉంటుంది నిజమే, ఎముకలు అందులో దిగబడతాయి. అవి దిగిన కొద్దీ మధ్యలో జెల్ పైకి పొంగుతుంది. అంటే తిమ్మిరి వచ్చే చోటే ఒత్తిడి పెంచుతోంది. పైగా జారుతుంది, జారితే రాపిడి. సన్నటి సీటు మీద కవర్ వేస్తే ముక్కు కూడా లావెక్కి తొడల మధ్య అడ్డొస్తుంది.

తర్వాత ఎత్తు. గోడ పట్టుకుని సైకిల్ ఎక్కండి, రోజూ వేసుకునే బూట్లతోనే. మడమ పెడల్ మీద పెట్టి వెనక్కి తిప్పండి. పెడల్ పూర్తిగా కిందికి వెళ్లినప్పుడు, నడుము పక్కకి వాలకుండా, కాలు సరిగ్గా చాచుకోవాలి. అక్కడ సీటు బిగించండి. తొక్కేటప్పుడు పెడల్ మీద ఉండేది మడమ కాదు, పాదం ముందు భాగం, కాబట్టి మోకాలు దానంతటదే కొద్దిగా వంగి ఉంటుంది. మీకు చెప్పినాయన ‘కాలు పూర్తిగా చాచాలి’ అన్నది ఈ మడమ లెక్కే అయి ఉంటుంది, మీరు పాదం ముందు భాగంతో చాచారు. రెండు వేళ్ల మందం తేడా అక్కడే వచ్చింది. లెక్కలు ఇష్టమైతే ఇంకో దారి ఉంది. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని, కాళ్ల మధ్య ఒక పుస్తకం నిలువుగా పైకి ఆనించి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలిచి, ఆ కొలతని 0.883తో గుణించండి. రెండు పెడల్ కాడలూ కలిసే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగానికి సుమారు అంత దూరం ఉండాలి. కాలి కొలత 74 సెంటీమీటర్లయితే 65.3 వస్తుంది. టూర్ డి ఫ్రాన్స్ మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్ వల్ల ప్రచారంలోకి వచ్చిన లెక్క ఇది. మొదలుపెట్టడానికి బాగుంటుంది, శాసనమేం కాదు. ఆపైన 3, 4 మిల్లీమీటర్ల చొప్పున మార్చుకోవడమే. మోకాలి ముందు నొప్పి వస్తే సాధారణంగా సీటు తక్కువైనట్టు, మోకాలి వెనక లాగుతుంటే ఎక్కువైనట్టు.

సీటు మార్చినప్పుడే ఎత్తు మారిపోతుందన్నది చాలామందికి తట్టని విషయం. సీటు కింద ఉండే కడ్డీల నుంచి పైభాగం దాకా ఒక్కో సీటుకి ఒక్కో మందం. పాత మెత్తటి సీటు మీ బరువుకి దిగేది, కొత్తది దిగదు. అందుకే రాడ్ మీద గుర్తు అలాగే ఉన్నా కాలికి దూరం మారుతుంది. సీటు పొడవు కూడా మారితే హ్యాండిల్ దూరమూ మారుతుంది.

మూడోది ముక్కు వాలు. సీటు మీద ఒక గట్టి పుస్తకం పరిచి, దాని మీద ఫోన్‌లోని లెవెల్ పెట్టి చూడండి. సమతలంగా ఉంచి మొదలుపెట్టండి. తిమ్మిరి అప్పటికీ పోకపోతే ముక్కుని ఒక డిగ్రీ, మహా అయితే రెండు డిగ్రీలు దించండి. అంతకు మించి దించితే జారుతూ ఉంటారు, జారకుండా చేతులతో తోసుకుంటూ ఉంటారు, మణికట్టు సంగతి మళ్లీ మొదటికొస్తుంది. మొదట్లో మీరు ముందుకి జారడానికి కారణం ముక్కు వాలు కాకపోవచ్చు కూడా. హ్యాండిల్ దూరమైతే మనిషి తెలియకుండానే ముందుకి పాకి ముక్కు మీద కూర్చుంటాడు. అందుకని సీటు ముందు వెనకలు కూడా చూడండి. పెడల్స్ రెండూ నేల నుంచి ఒకే ఎత్తులో, ఒకటి ముందు ఒకటి వెనక ఉంచి, ముందున్న మోకాలి చిప్ప కింద నుంచి దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీస్తే అది పెడల్ ఇరుసుకి దగ్గర్లో పడాలి. బాగా వెనక పడితే సీటు కాస్త ముందుకి జరపొచ్చు. సీటు కింది కడ్డీల మీద గీతలుంటాయి, వాటిని పట్టి ఉంచే క్లాంప్ ఆ గీతల్ని దాటకూడదు. అలాగే సీటు రాడ్ మీద కనీసం ఇంత లోపల ఉండాలనే గీత ఉంటుంది, అది బయటికి కనిపించకూడదు.

ఇవన్నీ చేసినా ఫలించకపోవడానికి ఒక కారణం ఉంది. అదే మీరు అడిగిన 132. అది సీటు వెనక భాగం వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆ అంకెకి అర్థం రావాలంటే మీ కొలత కావాలి. కొలవడం తేలికే. అట్టపెట్టె నుంచి ముడతలున్న అట్టముక్క ఒకటి కత్తిరించి గట్టి స్టూల్ మీద వేయండి. పల్చటి బట్టలతో దాని మీద కూర్చుని, మునివేళ్ల మీద మడమలు లేపి, కొద్దిగా ముందుకి వంగి, ఒక నిమిషం అలాగే బరువేయండి. లేచి చూస్తే రెండు గుంటలు పడి ఉంటాయి. కనిపించకపోతే సుద్దముక్కతో పైపైన రుద్దండి, గుంట తెల్లబడకుండా మిగులుతుంది. ఒక గుంట మధ్య నుంచి ఇంకో గుంట మధ్యకి కొలవండి. చాలామందికి అది 100 నుంచి 150 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది, ఆడవాళ్లకి సగటున మగవాళ్లకన్నా ఎక్కువ. దానికి 20 నుంచి 30 మిల్లీమీటర్లు కలిపితే మీకు కావాల్సిన సీటు వెడల్పు. బాగా వంగి తొక్కేవాళ్లకి తక్కువ కలిపినా చాలు, మీలా హైబ్రిడ్ మీద కాస్త నిటారుగా కూర్చునేవాళ్లకి ఎక్కువ కావాలి. సీటు అంచులు కిందికి వంగి ఉంటాయి కాబట్టి పైకి కనిపించే వెడల్పంతా కూర్చోవడానికి పనికిరాదు, ఆ కలిపేది అందుకే.

మీ కొలత 105 లోపు వస్తే ఈ సీటు మీకు సరిపోయేదే. ఎత్తు, వాలు సరిచేసి, మొదట్లో ఒక్కో రైడ్ అరగంటకి మించకుండా, ఇంకో రెండు వారాలు చూడండి. బాగుపడే అవకాశం ఎక్కువ. 115, 120 వస్తే మాత్రం ఎముకలు అంచుల మీదికి జారుతున్నాయి, మిగిలిన బరువు మధ్యలో పడుతోంది. అప్పుడు ఏ బోల్టు తిప్పినా ఉపశమనమే, పరిష్కారం కాదు. ఆ సీటు సిఫారసు చేసినాయనకి అది నిజంగానే బాగుండి ఉంటుంది. కళ్లజోడు కూడా పెట్టుకున్నాయనకి బాగానే కనిపిస్తుంది, మనం తెచ్చి పెట్టుకుంటామా?

సీటు మార్చాలనుకుంటే దారులు మూడున్నాయి. మీవారు చెప్పిన పాత రకం మెత్తటి సీటు ఒకటి. బృందం ముందు ఓడిపోయినట్టవుతుందని మీ ఉత్తరంలో పైకి రాయలేదు గానీ, మాటల మధ్య కనిపించింది. 11 కిలోమీటర్లు నిటారుగా కూర్చుని వెళ్లేవాళ్లకి అది తప్పు సీటేం కాదు. రెండేళ్లు మీరు సుఖంగానే తొక్కారు. చిక్కు దూరం పెరిగినప్పుడు వస్తుంది. గంట దాటాక మెత్తదనమే ఎదురు తిరుగుతుంది, ఇందాక జెల్ గురించి చెప్పిన కారణానికే. ఆఫీసుకి వెళ్లిరావడమే ముఖ్యమైతే ఆయన మాట వినండి.

ఆదివారం రైడ్‌లు వదలడం ఇష్టం లేకపోతే మీ కొలతకి సరిపోయే వెడల్పులో, మధ్యలో గాడి గానీ కోత గానీ ఉన్న మధ్యస్థపు గట్టి సీటు చూడండి. ముక్కు పొట్టిగా ఉండేవి కూడా వస్తున్నాయి, వంగినప్పుడు ముందు ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కువమంది ఆడవాళ్లకి నేను చెప్పేది ఇదే. కానీ కోత అందరికీ పడదు. కొందరికి ఆ కోత అంచులే గుచ్చుకుంటాయి. ‘లేడీస్’ అని రాసి ఉందని కొనకండి, వెడల్పు అంకె చూసి కొనండి. వీలైతే ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని వారం తొక్కి చూడండి, లేదా నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారో లేదో ముందే అడగండి. బొటనవేలితో నొక్కి సీటు ఎంచుకోవడం మాత్రం వద్దు. బొటనవేలు మీద ఎవరూ కూర్చోరు.

మూడోది ముక్కే లేని సీటు. తిమ్మిరికి మంచి మందు. కానీ సైకిల్‌ని తొడలతో అదుపు చేయడానికి మనకి తెలియకుండానే ముక్కుని వాడుతుంటాం. అది లేకపోతే మలుపుల్లో కొత్తగా ఉంటుంది, చేతుల మీద బరువు కూడా పెరగొచ్చు. అసలే మణికట్టు నొప్పి ఉన్న మీకు ఇది చివరి దారి. బృందంలో ఎవరో ఒకరు తోలు సీటు మాట కూడా ఎత్తుతారు. అది వాడిన మనిషి ఎముకలకి తగ్గట్టు వంగుతుంది, నిజమే. అలా వంగడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది, వానలో తడవకూడదు. మూడు వారాల్లో 80 కిలోమీటర్ల రైడ్ పెట్టుకుని మొదలుపెట్టేది కాదు.

షార్ట్స్ సంగతి రెండు ముక్కల్లో. వాటి కింద లోదుస్తులు వేసుకోకూడదు. ప్యాడ్ నేరుగా చర్మానికి తగిలేలా కుట్టినవి అవి. మధ్యలో ఇంకో బట్ట ఉంటే దాని కుట్లు, ముడతలు, చెమట కలిసి ఒరిపిడి పెడతాయి. కాబట్టి వాడిన ప్రతిసారీ ఉతకాలి, ఆఫీసు చేరగానే మార్చుకోవాలి. చెమట బట్టల్లో కూర్చుంటే కురుపులు రావడానికి అంతకన్నా ఏం కావాలి? ప్యాడ్ మరీ మందంగా ఉన్నా జెల్ కవర్ లాంటిదే. ఒరుసుకునే చోట సైక్లింగ్‌కి వాడే క్రీమ్ పల్చగా రాసుకోవచ్చు. అక్కడి వెంట్రుకలు నున్నగా షేవ్ చేయడం కన్నా కత్తిరించుకోవడం మేలు, షేవ్ చేస్తే కుదుళ్లలో పొక్కులు రావడం ఎక్కువ.

ఇప్పుడున్న కురుపు మానేదాకా సైకిల్ ఎక్కకండి. చెప్పు కరిచిన కాలికి మళ్లీ ఆ చెప్పే వేస్తామా? నాలుగు రోజులు శుభ్రంగా, పొడిగా ఉంచితే చాలావరకు తగ్గుతుంది. గిల్లవద్దు. ఎర్రదనం పాకినా, వేడిగా గట్టిపడినా, చీము పట్టినా, జ్వరం తగిలినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

సీటు ఎంత బాగున్నా దాని మీద ముద్దలా కూర్చునే ఉంటే నొప్పి తప్పదు. పది నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి పదిహేను సెకన్లు నిలబడండి, రక్తం ఆడుతుంది. గతుకు కనిపిస్తే సీటు మీద నుంచి కాస్త లేవండి. ఇంకొకటి, మరీ తేలిక గేర్లో కాళ్లు ఊరికే తిప్పుతుంటే బరువంతా సీటు మీదే ఉంటుంది. కాస్త బిగువున్న గేర్లో తొక్కితే కాళ్లు కొంత మోస్తాయి. టైర్లలో గాలి రాయిలా కొట్టించే అలవాటుంటే, టైరు పక్కన రాసి ఉన్న హద్దుల్లోనే కొంచెం తగ్గించి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

80 కిలోమీటర్ల రైడ్ విషయానికి వస్తే, మీ చేతిలో మూడు వారాలే ఉన్నాయి. మొదటి వారం కురుపుకీ కొలతలకీ పోతుంది. రెండో వారంలో 20, 25 కిలోమీటర్లు తిమ్మిరి లేకుండా తొక్కగలిగి, మూడో వారంలో ఒకసారి 45 దాకా వెళ్లగలిగితే 80కి వెళ్లొచ్చు, మధ్యలో దిగుతూ దిగుతూ. 45 దగ్గరే తిమ్మిరి వస్తే ఆ రోజు 20 కిలోమీటర్ల దగ్గరే వెనక్కి తిరగండి, మొత్తం 40 అవుతుంది. అంతవరకే వస్తానని ముందే చెబితే ఎవరి ప్లానూ చెడదు. కొత్త సీటు ఆ వారమే వేయించుకుంటే మాత్రం నా ఓటు మానేయమనే. పేరిచ్చేశానన్న మొహమాటానికి వెళితే వెనక్కి వచ్చే 40 కిలోమీటర్లు ఆ మొహమాటం మోయదు, మీరే మోయాలి.

బృందానికి ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం. ‘సీటు వెడల్పు నాకు సరిపోలేదు, తిమ్మిరి వస్తోంది, మారుస్తున్నాను’ అంటే చాలు, ఎక్కడని అడిగే ధైర్యం వాళ్లకీ ఉండదు. అలా అన్నాక పక్కకి వచ్చి ‘నాకూ వస్తుందండీ’ అనేవాళ్లు ఒకరైనా ఉంటారు, చూడండి. మీవారికి మాత్రం మిగతా సగం కూడా చెప్పండి. ఆయనకి తెలిసింది సగమే కాబట్టి ‘పాతదే వేయించుకో’ దగ్గర ఆగిపోయారు. నడుము ఊగుతోందో లేదో వెనక నుంచి చూసిపెట్టడానికి, సీటు బిగిస్తున్నప్పుడు సైకిల్ పట్టుకోవడానికి ఆయన కావాలి కూడా.

ముందు ఆ అట్టముక్క పని కానివ్వండి. కొలత ఎంత వచ్చిందో రాయండి, 110 దాటుతుందనే నా అంచనా.